కర్బురాయి యెవరి వెన్నున నిలిచియున్నది?

బజారులో క్రొత్త బాట వేయుచున్నప్పుడు ఒక్క గడియ నిలిచి చూడుడు. లారీ వెనుక తలుపు దింపుదురు. ఒకడు పైనుండి గడ్డపారతో రాతిని అంచునకు దొర్లించును. క్రింద నిద్దరు చేతులు చాచి నిలుచుందురు. చేతులకు తొడుగులు లేవు, కాళ్లకు బూట్లు లేవు, ఉన్నవి తలకు చుట్టుకొనిన తువ్వాళ్లు. రాయి జారును. ఇద్దరును ఒక్కసారి నడుము వంచి దానిని పట్టుకొందురు. పట్టుకొనలేనప్పుడు కాళ్లు వెనుకకు తీసికొందురు. ఆ తీసికొనుటలో రెప్పపాటు ఆలస్యము చేసినవాడు మరునాడు పనిలోనికి రాడు. వాని స్థానమున మరియొకడు వచ్చును. బాటపని ఆగదు. వారము తిరుగకుండ ఆ రాళ్లకు నలుపు పసుపు రంగులు పూయుదురు. ప్రారంభోత్సవమునకు వచ్చిన పెద్దలు బాట అందమును కొనియాడి కారెక్కి పోవుదురు.

ఆ రాయి యెంత బరువని ఒక మేస్త్రీని అడిగితిమి. "ఇద్దరు మొయ్యాల్సిన రాయండి బాబూ" అని నవ్వెను. అతనికి తెలిసిన తూకము అదియే. అంచనా పట్టీని తెప్పించి చూచితిమి. అందు రాతి పొడవున్నది, వెడల్పున్నది, యెత్తున్నది, కాంక్రీటు బలమెంత యుండవలెనో యున్నది, మీటరు ఒక్కింటికి ధర పైసలతోకూడ నున్నది. తూకము మాత్రము లేదు. దానికొక గడియే గీయలేదు. ఎత్తువాడు తప్ప మరెవ్వరును తెలిసికొన నక్కరలేని విషయమని కాబోలు!

పట్టీలో లేనిదానిని లెక్కకట్టుట కష్టము కాదు. కర్బురాయి మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల యెత్తు, 15 సెంటీమీటర్ల మందము గలదనుకొందము. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు తూగును. అనగా ఆ రాయి 108 కిలోలు. అదే కొలతకు నల్లరాతిని చెక్కి నిలిపినచో 119 కిలోలకు దగ్గర. నూరు మీటర్ల బాటకు ఒక ప్రక్కనే నూరు రాళ్లు. పదివేల యెనిమిదివందల కిలోలు. లారీనుండి దింపుట కొకసారి, కుప్పనుండి చోటికి మోయుట కొకసారి, నూలుదారము చూచి నిలుపుట కొకసారి, మూడుమార్లైనను మనుష్యుని చేయి తగులనిదే ఏ రాయియు నిలువదు. ముప్పదిరెండు టన్నుల పైచిలుకు! నూరు మీటర్లలో, ఒక్క ప్రక్కన! రెండవ ప్రక్కను పాఠకులే లెక్కవేసికొందురు గాక.

శాసనము లేదా? ఉన్నది. స్వతంత్రము వచ్చిన మరుసటి సంవత్సరమే, 1948లో, కర్మాగారముల శాసనపు 34వ సెక్షను గాయము కలిగించునంతటి బరువును ఎవనిచేతను ఎత్తింపరాదని చెప్పినది. కాని బాట కర్మాగారము కాదు. దానికి గోడలు లేవు, గేటు లేదు, ఈలకూత లేదు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక్కనిచే మోయింపదగు బరువును గూర్చి ఒడంబడిక చేసి, దానితోడి సిఫారసులో వయసువచ్చిన మగవానికి 55 కిలోలు హద్దని వ్రాసినది. 1996లో మనదేశమున కట్టడపు పనివారి శాసనము వచ్చెను. దానిక్రింద 1998లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలు పురుషునికి ఆ 55 కిలోలనే నిలిపి, స్త్రీకి 30 కిలోలని కట్టడి చేసినవి; అంతకు మించినచో తోడుమనిషియో యంత్రమో ఉండవలె నన్నవి. ఈ శాసనములన్నియు ఇప్పుడు 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలో కలిసిపోయినవి. రాయి మాత్రము తరుగలేదు.

ఇచట నొక గణిత చమత్కారమున్నది. 108ని ఇద్దరికి పంచినచో తలకు 54. హద్దుకు ఒక్క కిలో తక్కువ! కాగితముమీద న్యాయమే. గుంట అంచున, తడిమట్టిలో, నడుము వంచి మెలిపెట్టి దింపునప్పుడు 54 కిలోలు ఏపాటివో కాగితమున కేమి తెలియును? ఇద్దరిలో ఒకని కాలు జారిన క్షణమున 108 కిలోలును రెండవవానివే.

బ్రిటను దేశమున వాడుకలో నుండిన కర్బురాయి మనదానికంటె చిన్నది. తూకము సుమారు 67 కిలోలు. దానినే అచట మోయరానిదని తేల్చిరి. చేతితో బరువులెత్తు పనిని గూర్చి 1992లో వారు చేసిన నిబంధనలు మరుసటి జనవరినుండి అమలునకు వచ్చినవి. పురుషునికి 25 కిలోలు, స్త్రీకి 16 కిలోలు అను లెక్కలు అప్పటినుండి అచటి ఆరోగ్యభద్రతా శాఖవారి సూచనలలో నున్నవి. అది శాసనపు హద్దు కాదు, సూచన మాత్రమే. అదియు బరువు శరీరమునకు దగ్గరగా, నడుము యెత్తున ఉన్నప్పుడు. చేయి చాచినను, నేలకు వంగినను ఆ లెక్క ఇంకను దిగును. తేలిక కర్బులు, యంత్రముతో పట్టి ఎత్తు పటకారులు అచటి వీధులలోనికి వచ్చినది ఈ లెక్కల వెంబడినే.

బ్రిటిషువాడు దయామయుడగుటచే నిది జరిగినదని యెవరును భ్రమపడవలదు. మనదేశమున బాటలు పరపించిననాడు వాడు మన కూలీల వెన్నెముకలను కొలువలేదు. తన యింట కూలి ప్రియమగుటచేత, కూలివారు సంఘములు కట్టి నిలిచినందున, నడుము విరిగినవాడు న్యాయస్థానమున కెక్కి పరిహారము పుచ్చుకొనుచున్నందున వానికి బరువు తెలిసివచ్చినది. మనకేల తెలియలేదు? తెల్లవాని నడుమునకు 25, మనవాని నడుమునకు 54 అని నిర్ణయించిన వాడెవ్వడు? దొరయా? దొర వెళ్లిపోయి యెనిమిది దశాబ్దములు కావచ్చినది. నిర్ణయించినవాడు మనవాడే. మన పాఠశాలలో చదివి, మన పన్నులతో జీతము పుచ్చుకొని, మన పురపాలక కార్యాలయమున పంకాక్రింద కూర్చుండి, పాత అంచనాను క్రొత్త తేదీతో తిరుగవ్రాయువాడు.

మొహెంజొదారో మురుగుకాలువలను గూర్చి ఉపన్యసించుటలో మనకు మించినవారు లేరు. నాలుగువేల యేండ్లకు పూర్వమే మనవారు ఇటుకలతో వీధికాలువలు కట్టి, తీసి శుభ్రపరచుటకు వీలుగా మూతలు వేసిరని సభలలో చప్పట్లు కొట్టుదుము. కొట్టుట తప్పు కాదు. కాని ఆ కాలువలలో మనము నేర్వవలసిన పాఠము వేరొకటి యున్నది. వారు వానిని ఇటుకతో కట్టిరి. ఇటుక యనగా నేమి? మనుష్యుని చేతికి సరిపడ కొలిచిన రాయి. నేటికిని మన తాపీమేస్త్రీ చేతిలోని ఇటుక సుమారు మూడు కిలోలే తూగును; ఒక చేత ఇటుక, రెండవ చేత తాపీ. వంద అంతస్తుల మేడనైన చేతికందు ముక్కలుగా కోసికొని కట్టవచ్చునని కనిపెట్టిన జాతి, అడుగు యెత్తు కాలిబాట దగ్గరకు వచ్చుసరికి ఆ బుద్ధిని ఎచట పారవైచుకొన్నదో!

ఈ విషయమున మనకు ఇటీవలి అనుభవము కూడ లేకపోలేదు. మన మిల్లులలో ధాన్యపు బస్తా యనగా 75 కిలోలు. గోనెసంచిలో గోధుమలో బియ్యమో నింపినచో క్వింటాలుకు దగ్గర. "హమాలీలు దానికి అలవాటు పడినారు, చిన్నసంచులు పెట్టిన సంచుల ఖర్చు రెట్టింపగును" అని వాదించినవారు లేకపోలేదు. అయినను ప్రభుత్వపు తిండిగింజల సంచి 50 కిలోలకు దిగినది. దేశమునకు బియ్యమందుట ఆగలేదు. బ్రిటనులో సిమెంటు సంచి 25 కిలోలకు దిగినది; మన సిమెంటు సంచి 50 దగ్గరనే నిలిచినది. ఆ మాట మరియొక వారము వ్రాసెదము.

తేలిక కర్బు అనగా అద్భుతమేమియు కాదు. మూడు మార్గములున్నవి. మొదటిది, ఉన్న కాంక్రీటునే చిన్నముక్కలుగ పోయుట, లేక నడుమ బోలుగా పోయుట. మీటరు రాతిని మూడు ముక్కలు చేసినచో ఒక్కొక్కటి 36 కిలోలు. నడుమ నొక గొట్టమంత బోలు విడిచినచో ఇంకను తగ్గును. దీనికి విదేశపు విద్య యేమియు అక్కరలేదు, అచ్చు మార్చిన చాలును. రెండవది, సిమెంటుకు బదులు రెసిను జిగురుతో ఇసుకను కంకరను బంధించిన పాలిమరు కాంక్రీటు. అది మామూలు కాంక్రీటుకంటె గట్టిది గనుక గోడలు పలుచగా పోయవచ్చును. మూడవది, వాడి పారవేసిన ప్లాస్టిక్కును కరగించి పోసిన బోలు కర్బు. దీనిని ఒక్కడు ఒక చంకలో నిరికించుకొని పోవచ్చును.

వీనిలో కొన్నిటిని కాలువతో కలిపి పోయుదురు. ఇచటనే అసలు లాభమున్నది. కర్బు ముఖమున, బాటవైపు, వరుసగా రంధ్రము లుండును. బాటమీది వాననీరు ఏటవాలున అంచునకు వచ్చి ఆ రంధ్రములలోనికి దిగి, కర్బు కడుపులోని కాలువవెంబడి పారి, నిర్ణీతమైన చోట్ల పెద్దకాలువలో పడును. మన పద్ధతిలో కర్బురాయి వేరు, నీరుదిగు జాలీ వేరు, దానిక్రింద తొట్టి వేరు, తొట్టినుండి గొట్టము వేరు, గొట్టమునకు లోతైన కందకము వేరు. ఇన్ని వేరులకు ఇందరు గుత్తదారులు. ఒకడు త్రవ్వి పోవును, రెండవవాడు రాడు. రెండవవాడు గొట్టము వేసి పోవును, మూడవవాడు మూత తేడు.

ఆ కందకమును గూర్చి యొక్క మాట చెప్పవలెను. త్రవ్వి విడిచిన కందకమునకు మన పట్టణములలో కావలి యేమి? నాలుగు కఱ్ఱలు, ఒక యెఱ్ఱ రిబ్బను. వాన వచ్చినంతనే బాటయు కందకమును ఒకే రంగు నీరగును. 2017 ఆగష్టు 29వ తేదీ వానలో ముంబయి నగరమున ఒక పేరుగల వైద్యుడు ఇంటికి నడచిపోవుచు మూతలేని మ్యాన్‌హోలులో పడి మరణించెను. అంతటి నగరమున, అంతటి మనుష్యునికి! మన ఊళ్లలో పడిన పసివాండ్రను, సైకిలువాండ్రను ఎవరు లెక్కపెట్టిరి? త్రవ్వు లోతెంత తగ్గిన ఈ అపాయ మంత తగ్గును. తెరచియుంచు దినము లెంత తగ్గిన నంత తగ్గును. కాలువ కర్బు కడుపులోనే యున్నచో లోతుగొట్టపు కందకము పెక్కుచోట్ల అక్కరలేదు. ముక్కలు తేలికయైనచో క్రేను కొరకు, జనము కొరకు వేచియుండ నక్కరలేదు; ఇద్దరు మనుష్యులు వరుసగా పెట్టుకొనుచు పోవుదురు. ప్రొద్దున త్రవ్వినది ప్రొద్దుగ్రుంకులోపల పూడ్చవచ్చును. కొట్టుముందు కందకము పెట్టుకొని నెలలతరబడి బేరములు పోగొట్టుకొనిన వర్తకుని అడుగుడు, ఈ త్వరితమునకు విలువ యెంతయో అతడు చెప్పును. అంచనా పట్టీలో అతని నష్టమునకును గడి లేదు.

కర్బురాయి బుడమేరు నాపునని మేము చెప్పబోము. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినప్పుడు గాని, 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో ఆ నగరమే మరల మునిగినప్పుడు గాని, 2024 సెప్టెంబరు మొదటిదినములలో బుడమేరు విజయవాడ సింగునగరును ముంచినప్పుడు గాని, బాట అంచున ఏ రాయి యున్నను ఒక్కటియే. ఏరు చొచ్చినచోట విశ్వేశ్వరయ్యగారి వంటి బుద్ధి కావలెను, జలాశయములు కావలెను, ఆక్రమణలు తొలగించు గుండె కావలెను. మేము చెప్పునది యంతకంటె చిన్నది, అనుదినమైనది. అరగంట వానకే మోకాలిలోతు నిలుచు వీధులను గూర్చి. అచట ఏరు లేదు, చెఱువు లేదు. నీటికి పోవుట కిష్టమే, దిగుటకు బిలము లేదు. జాలీ యున్నది గాని, పాత తారుపై క్రొత్త తారు, దానిపై మరియొక తారు, గీకకుండ పొరమీద పొర వేయుటచేత అది పూడిపోయినది. కాదేని బాటకంటె జాలీయే యెత్తున నిలిచినది. నీరు కొండెక్కునా? జాలీ యిరువది మీటర్ల కొకటి యున్నప్పుడు దానిమీద ఒక్క ప్లాస్టిక్కు సంచి అడ్డుపడినచో ఇరువది మీటర్ల బాట చెఱువగును. కర్బు పొడవునను రంధ్రములున్నప్పుడు ఒకటి పూడినను ప్రక్కది త్రాగును. 2024 జులై 27న ఢిల్లీలో వీధినీరు నేలమాళిగ పుస్తకశాలలోనికి దూకి ముగ్గురు విద్యార్థుల ప్రాణము తీసినది. పఠనాలయములలో కూర్చుండి ఈ పత్రిక చదువు యువకులకు ఆ సంగతి యెంత దగ్గరదో వేరుగ చెప్పవలెనా?

తారుపొర విషయమున మాత్రము తేలిక కర్బుకును రక్షణ లేదని ఒప్పుకొనవలెను. గీకకుండ పొరవేసినచో దాని రంధ్రములును పూడును. అది ఇంజనీరు చేతిలోని పని, కర్బు చేతిలోనిది కాదు.

మురుగు శుభ్రపరచుట యనునది ఇంతకంటె ఘోరము. 1993లో నొకసారి, 2013లో నొకసారి శాసనములు చేసి మనుష్యునిచే మలినమెత్తించు పనిని నిషేధించితిమి. 2014 మార్చి 27న సుప్రీము న్యాయస్థానము, 1993 నుండి మురుగుతొట్లలో దిగి చనిపోయిన ప్రతివాని కుటుంబమునకును పదిలక్షల రూపాయ లిండనెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పదిలక్షలకు పెంచెను. న్యాయస్థానము పెంచవలసివచ్చినదనగా చావులు ఆగలేదన్నమాటయే. కోలారు గనులలోని తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సనుగారు ఈ పాపమును పోగొట్టుటకే జీవితమును ధారపోసిరి. 2016లో మెగసెసే బహుమానము వారిని వెదకికొని వచ్చినది. మనుష్యుడు దిగునంతటి తొట్టి కట్టినంతకాలము ఎవడో యొకడు వానిని దింపును. కర్బులోని కాలువలో మనుష్యుని భుజము పట్టదు. దానిని నీటిధారతో కడుగవలసినదే, వేరు దారి లేదు. దింపరాదని వ్రాసిన శాసనముకంటె, దిగుటకు వీలులేకుండ కట్టిన కాలువయే మాకు నమ్మకము. పెద్దకాలువలు, వాని తొట్లు ఉండనే యుండును. కాని వీధివీధికి గల చిన్నతొట్ల లెక్కయైనను తగ్గును.

రాతిని కోయుటలో మరియొక విషమున్నది. మూలమలుపున రాయి సరిపడదు. తిరుగుడు రంపముతో పొడిగా కోయుదురు. తెల్లని ధూళి లేచి కోయువానిని, పక్కనున్న స్త్రీని, ఆమె చెంగు పట్టుకొనిన బిడ్డను కప్పివేయును. ఆ ధూళిలో సిలికా యున్నది. అది ఊపిరితిత్తులలో చేరి సిలికోసిసు వ్యాధి కలిగించును. దానిని కుదుర్చు మందు లేదు. అది పుట్టకురుపునకును కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థ యొక్క కాన్సరు పరిశోధనశాఖ 1997లోనే తేల్చినది. నీరు చల్లి కోసినచో ధూళి చాలవరకు అణగును. ఒక్క డబ్బా నీరు! అదియు పోయువాడు లేడు. ప్లాస్టిక్కు కర్బులో సిలికా లేదు, చేతిరంపముతో తెగును. దాని పొట్టును మాత్రము కాలువలోనికి ఊడ్చివేయకుండ ఏరి తీయవలెను.

ఇక నాక్షేపణలు. "ఇది బీదదేశము. ఇచట కూలి చౌక. యంత్రములు, క్రొత్త సరకులు మనకేల? తేలిక చేసినచో కూలివాని పని పోవును" అందురు. ఈ మాట చెప్పువాడెప్పుడును కూలివాడు కాడు. పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి మూటలు కట్టుకొని దేశమంతట బాటలు వేయుచు తిరుగు కుటుంబములను అడుగుడు. రాయి బరువు తగ్గినచో మీకు నష్టమా యని. తరతరములుగా బండలు పగులగొట్టిన వడ్డెర ముదుసలిని అడుగుడు, నీ మనుమడు ఈ పనిలోనికి రావలెనా యని. నలువదియేండ్లకే నడుము పడిపోయి యింట కూర్చుండినవాని కూలి యెంత? వాని మందుల ఖర్చు ఎవరి అంచనాలో నున్నది? చౌక కూలి యనునది నిజమునకు చౌక కాదు, అప్పు. గుత్తదారు చేయును, కూలివాని భార్య తీర్చును. పని పోవుటయు కల్ల. మన పట్టణములలో కాలిబాట లేని బాటలు, కాలువ లేని వీధులు ఎన్ని లేవు? ఒక్క వీధి పని త్వరగా తీరినచో రెండవ వీధి వేచియున్నది. వీధి తీరకుండుటవలన లాభపడువాడు కూలివాడు కాడు.

"మన యెండకు ప్లాస్టిక్కు నిలుచునా?" అను ప్రశ్న న్యాయమైనది, దీనికి పరిహాసముతో బదులు చెప్పరాదు. ప్లాస్టిక్కు యెండకు సాగును. నలువది డిగ్రీల తేడాకు మీటరు కాంక్రీటు అర మిల్లీమీటరైనను సాగదు. ప్లాస్టిక్కు రకమునుబట్టి ఐదారు మిల్లీమీటర్లు సాగవచ్చును. అతుకులలో ఆ సందు విడువనిచో వరుస వంకరలు తిరుగును. యెండలోని అతినీలకిరణములకు పెళుసెక్కును. మసి కలిపి పోసినచో చాలవరకు నిలుచును. చెత్త తగులబెట్టు మన యలవాటుకు అదియు తగులబడును. తేలిక గనుక వెనుక కాంక్రీటు దన్ను లేనిచో లారీచక్రము ఒక్క తాకుతో పెకలించును. ఇంగ్లండు చలిలో నిలిచినది రామగుండము వేసవిలో నిలుచునని ప్రమాణము చేయుట మోసము. కనుకనే పరీక్ష కావలె నందుము. ఒక బస్సుమార్గమున రెండు ఫర్లాంగులు, ఒక సందులో రెండు ఫర్లాంగులు. రెండు వేసవులు, రెండు వానకాలములు. నిలువనిచో బోలు కాంక్రీటు ఉండనే యున్నది. ప్లాస్టిక్కు మాకు మతము కాదు. మాకు కావలసినది తూకము తగ్గుట.

"ధర హెచ్చు" అందురు. ముక్క ధరను ముక్క ధరతో పోల్చినచో హెచ్చే కావచ్చును. పోల్చవలసినది ముక్కను కాదు. పూర్తియైన బాట మీటరును. రాయి, జాలీ, తొట్టి, గొట్టము, కందకము, మూత, క్రేను కిరాయి, మార్గము మూసిన దినములు, విరిగిన రాళ్ల బదులు రాళ్లు, ఇవన్నియు ఒక ప్రక్కన పెట్టి, కాలువతోడి కర్బును రెండవ ప్రక్కన పెట్టి లెక్కచూపిన అంచనాను ఏ పురపాలక సంఘమైనను ప్రకటించినదా? ప్రకటించిన పిమ్మట హెచ్చని తేలినచో మేము తల వంచెదము. లెక్క వేయకముందే హెచ్చనుట లెక్క కాదు, సోమరితనము. ఉన్న మంచిరాళ్లను పెరికి, అవే కొలతల క్రొత్తరాళ్లను పాతించు ఊళ్లలో ధర హెచ్చను మాట వినుట మరింత వింతగ నున్నది.

విదేశమునుండి తెప్పింపవలెనా యని స్వదేశాభిమానులు జంకవచ్చును. మధురలోని త్యాగరాజ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్‌గారు చెత్తకుప్పలోని ప్లాస్టిక్కును తారుబాటలో కలుపు విధానమును కనిపెట్టిరి. దానినే రాతిముక్కలతో కలిపి పలకలుగ కూడ పోసి చూపిరి. 2018లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. 1934లో వెలసిన భారత రహదారుల కాంగ్రెసు 2013లో తారుబాటలలో ప్లాస్టిక్కు వాడుకకు మార్గదర్శకములు వ్రాసినది. ముడిసరకు మన ప్రతి కాలువలోను అడ్డుపడి మనలనే ముంచుచున్నది. అచ్చులు పోయు కార్ఖానాలు విజయవాడ ఆటోనగరులోను, హైదరాబాదు పారిశ్రామికవాడలలోను కలవు. కాలువకు అడ్డుపడిన సంచియే కాలువ యగుట! ఇంతకంటె స్వదేశీ యేమి కావలెను? లేనిది సరకు కాదు, విద్య కాదు. అడుగువాడు లేడు. పురపాలక సంఘము కొనెదనన్న మరునాడు పోయువారు పదిమంది పుట్టుదురు.

1921లో చీరాల పేరాల ప్రజలు, సదుపాయము చూపని పురపాలక సంఘమునకు పన్ను లీయలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఇండ్లు విడిచి, రామనగరున పాకలు వేసికొని నెలలతరబడి యెండవానల కోర్చిరి. నేడు సంఘములు మనవి, ఓట్లు మనవి. ఊరు విడువ నక్కరలేదు. మేమడుగునది మూడు మాటలు. ధరల పట్టికలో కర్బు ప్రక్కన తూకమునకొక గడి గీయుడు. ఆ గడిలో, చేతితో ఎత్తు ముక్క 25 కిలోలకు మించరాదని, మించినచో యంత్రము కిరాయి గుత్తదారు చూపవలెనని వ్రాయుడు. రాబోవు టెండరులో ఒక్క వీధినైనను కాలువతోడి తేలిక కర్బుకు విడువుడు. మొదటి రెండింటికి ఒక సిరాబుడ్డి తప్ప ఖర్చు లేదు.

పఠనాలయముల సోదరులకు ఒక పని యప్పగించుచున్నాము. మీ వీధిలో క్రొత్తబాటకు రాళ్లు దింపినప్పుడు, సమీపమున నున్న ధాన్యపుకొట్టు కాటాను నలుగురు కూడి తెప్పించి, ఒక్క రాతిని తూచుడు. తూకమును, రాతి కొలతలను, వీధిపేరును, ఆ దినమున అచట చేతితొడుగులు గలవా, రాతిని నీటితో కోసిరా పొడిగా కోసిరా అను సంగతిని మాకు వ్రాయుడు. వ్రాసినవారి పేరు కోరినచో దాచెదము, తూకమును మాత్రము దాచము. వచ్చినవానిని వచ్చినట్లు వారము వారము ఈ పుటయందే, ఆయా పురపాలక సంఘముల పేర్ల క్రింద అచ్చువేయుదుము.